అనలాగ్ ప్రసారాలు ఆగిపోతే పాత టీవీ, పాత యాంటెన్నా పారేయాల్సిందేనా?

మీరు అడిగినవి మూడు. పాత పెట్టె టీవీ పనికొస్తుందా, డాబా మీది యాంటెన్నా మార్చాలా, ఇప్పుడు చుక్కలు చుక్కలుగా వస్తున్న ఛానల్ డిజిటల్‌లో బాగుపడుతుందా అని. మొదటి రెండూ తేలిక. మూడోది నన్ను నెల రోజులు తిప్పలు పెట్టింది కాబట్టి ఎక్కువ దాని గురించే రాస్తాను.

టీవీ పారేయకండి. యాంటెన్నా వైరుకీ టీవీకీ మధ్య ఒక సెట్ టాప్ బాక్స్ పెడితే సరిపోతుంది, డిజిటల్ సిగ్నల్‌ని పాత టీవీకి అర్థమయ్యేలా మార్చేది అదే. అయితే అది మీ దేశపు ప్రసార పద్ధతికి చెందినదై ఉండాలి. అమెరికాలో ఏటీఎస్‌సీ, జపాన్, బ్రెజిల్‌లలో ఐఎస్‌డీబీ-టీ రకాలు, యూరప్‌లో డీవీబీ-టీ లేదా టీ2. ఒకచోటి బాక్స్ ఇంకోచోట ఉత్త డబ్బా. డిష్ బాక్సు, కేబుల్ బాక్సు కూడా దీనికి పనికిరావు. మీ టీవీ వెనక పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లుంటే వాటికే కలపండి. ఒక్క యాంటెన్నా సాకెట్టే ఉంటే మాత్రం, ఆర్‌ఎఫ్ అవుట్‌పుట్ (టీవీ యాంటెన్నా సాకెట్‌లోకే బొమ్మ పంపే సాకెట్) ఉన్న బాక్స్ అడిగి మరీ తీసుకోండి. అన్నిటికీ ఉండదు.

ఇక యాంటెన్నా. డబ్బా మీద 'డిజిటల్ యాంటెన్నా' అని పెద్ద అక్షరాలతో రాసి అమ్ముతారు, నేనూ ఒకటి కొన్నాను. అలాంటి జాతేమీ లేదు. వచ్చేవి అవే రేడియో తరంగాలు, వాటి మీద ఎక్కింది అనలాగా డిజిటలా అన్నది లోహపు కడ్డీకి ఏం తెలుసు? చూసుకోవాల్సింది బ్యాండ్, అంటే ఛానల్ ఏ ఫ్రీక్వెన్సీల వరసలో వస్తుందన్నది. పొడుగు కడ్డీలున్నది తక్కువ ఫ్రీక్వెన్సీల వీహెచ్‌ఎఫ్‌కి, పొట్టి కడ్డీలున్నది ఎక్కువ ఫ్రీక్వెన్సీల యూహెచ్‌ఎఫ్‌కి. చాలా దేశాల్లో డిజిటల్ ఛానళ్లు ఎక్కువగా యూహెచ్‌ఎఫ్‌లోనే ఉన్నాయి. అలాగని వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాను తొందరపడి దించేయొద్దు. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు ఆపేసినప్పుడు, కొన్ని స్టేషన్లు తమ డిజిటల్ ప్రసారాన్ని యూహెచ్‌ఎఫ్ నుంచి మళ్లీ పాత వీహెచ్‌ఎఫ్ స్థానానికి తెచ్చుకున్నాయి. చిన్న యూహెచ్‌ఎఫ్ యాంటెన్నా ఒక్కటే పెట్టుకున్నవాళ్లకి అవి అందకుండా పోయాయి.

ఇప్పుడు నా గోల. బాక్స్ పెట్టిన రోజు, ఎప్పుడూ కాస్త మసకగా వచ్చే ఛానల్ అద్దంలా వచ్చింది. చుక్కల్లోంచైనా మనుషుల ముఖాలు పోల్చుకోగలిగిన ఇంకో ఛానల్ మాత్రం అసలు రానేలేదు. నల్ల తెర, 'సిగ్నల్ లేదు' అన్న మాట, అంతే. బాక్సే చెడ్డదనుకుని మార్పించాను. రెండోదీ అదే పాట. సిగ్నల్‌ని పెంచే బూస్టర్ పెడితే ఉన్న ఛానళ్లలో రెండు ఎగిరిపోయాయి.

కారణం తర్వాత అర్థమైంది. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ కొంచెం కొంచెంగా చెడుతుంది, మన కన్ను సర్దుకుపోతుంది. డిజిటల్‌లో, దారిలో పాడైన అంకెల్ని బాక్స్ ఒక హద్దు దాకా సరిదిద్దుకుంటుంది. ఆ హద్దు లోపల ఉన్నంతసేపూ బొమ్మకి మచ్చ ఉండదు. కాస్త దాటితే గళ్లు గళ్లుగా విరుగుతుంది, ఇంకాస్త దాటితే మాయం. అంటే ఇన్నాళ్లూ ఆ చుక్కలు నాకు 'సిగ్నల్ చాలట్లేదు' అని చెబుతూనే ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు.

బూస్టర్ ఎందుకు చెడగొట్టిందంటే, దగ్గరి ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ అప్పటికే బలంగా ఉంది. దాన్ని ఇంకా పెంచేసరికి బాక్స్ ఉక్కిరిబిక్కిరైంది. పైగా దాన్ని టీవీ పక్కన పెట్టాను. వైరులో పోవాల్సింది పోయాక పెంచితే, సిగ్నల్‌తో పాటు రొదా పెరుగుతుంది. నిజంగా అవసరమైతే బూస్టర్ ఉండాల్సింది పైన, యాంటెన్నా దగ్గర.

సరే, యాంటెన్నా తిప్పుదామని నాన్న డాబా ఎక్కారు. అనలాగ్ రోజుల్లో ఇది మాకు వెన్నతో పెట్టిన విద్య: ఆయన తిప్పుతారు, నేను కిటికీలోంచి 'వచ్చింది, వచ్చింది... పోయింది, వెనక్కి' అని అరుస్తాను. ఈసారి గంటసేపు అరిచినా పని కాలేదు. బాక్స్ సిగ్నల్ పట్టుకుని, విప్పి, బొమ్మ చూపించడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. నేను 'వచ్చింది' అనేసరికి నాన్న ఆ చోటు దాటిపోయి ఉండేవారు. చివరికి వేలెడంత తిప్పి, ఆగి, అయిదు లెక్కపెట్టి, మళ్లీ తిప్పే పద్ధతికి వచ్చాం. బొమ్మని కాదు, బాక్స్ మెనూలో ఉండే 'క్వాలిటీ' గీతని చూశాం. దాని పక్కనే 'స్ట్రెంగ్త్' అని ఇంకో గీత ఉంటుంది, దాన్ని నమ్మకండి. బూస్టర్ పెట్టినప్పుడు నాకు అది నిండుగా ఉంది, క్వాలిటీ అడుగున ఉంది.

అలా తిప్పితే కొంత మెరుగైంది గానీ అసలు దొంగ వేరు. యాంటెన్నా నుంచి దిగేది చదునుగా ఉండే పాత రెండు తీగల వైరు. దాన్ని మధ్యలో ఎవరో గుండ్రటి కోయాక్సియల్ వైరుకి మెలిపెట్టి టేపు చుట్టారు. ('ఎవరో' ఏమిటి, నేనే.) టేపు విప్పితే రాగి తీగంతా చిలుము పట్టి పచ్చగా ఉంది. పైనుంచి కిందిదాకా ఒకే 75 ఓంల కోయాక్సియల్ వేసి, చదును వైరు బిగించే యాంటెన్నా కాబట్టి దాని దగ్గర బేలన్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. బూస్టర్ లేకుండానే ఆ ఛానల్ వచ్చి కూర్చుంది. కాబట్టి మీరు డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒకసారి పైకెక్కి అతుకులు చూడండి. బొమ్మ వచ్చాక కూడా క్వాలిటీ హద్దుకి దగ్గరగా ఉంటే ఇంకొంచెం తిప్పండి, లేదంటే వానకి తడిసిన చెట్ల ఆకులే దాన్ని ఆపేస్తాయి.

స్టేషన్లు ఫ్రీక్వెన్సీ మారినప్పుడల్లా రీస్కాన్ చేయాలి, అంటే బాక్స్ చేత ఛానళ్లన్నీ మళ్లీ వెతికించాలి. తెర మీద పాత నంబరే కనిపిస్తుంది కాబట్టి మారిన సంగతి మనకి తెలియదు. వీసీఆర్ ఉంటే, బాక్స్ ఆ సమయంలో పెట్టిన ఛానల్‌నే అది రికార్డు చేస్తుంది. టైమర్ పెట్టి రెండు ఛానళ్లలో రెండు కార్యక్రమాలు పట్టుకోవడం ఇక కుదరదు, బాక్స్‌కి సొంత టైమర్ ఉంటే తప్ప. అన్నట్టు, టీవీ చూసి గడియారం సరిచేసుకునే అలవాటుంటే మానుకోండి. డిజిటల్‌లో బొమ్మ తెర మీదికి కొన్ని సెకన్లు ఆలస్యంగానే వస్తుంది.