రెండు లోహాల నాణేలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రూపాయి గుర్తు లేని పది రూపాయల బిళ్ల దొంగదంటూ సంతలో తిప్పికొడుతున్నారు. నిజమేనా? (పర్లాకిమిడి)

కాదండీ. రూపాయి గుర్తు ఖరారైందే 2010 జూలైలో. అంతకుముందు అచ్చయిన బిళ్లల మీద అదెలా ఉంటుంది? గుర్తున్నవీ లేనివీ కలిపి 14 నమూనాలు చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై విలువ గల నాణేలతో వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చు. బ్యాంకులో వేసేటప్పుడు వందేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకెళ్లండి. రూపాయి గుర్తున్న బిళ్ల 7.71 గ్రాములు కాబట్టి, వంద బిళ్లలు 771 గ్రాములు తూగాలి.

ప్రశ్న: నా దగ్గరున్న పది రూపాయల బిళ్లలో మధ్య ముక్క వంకరగా తిరిగి ఉంది. ఇంకోదానికి మధ్య ముక్కే లేదు. వీటికి లక్షలిస్తామని ఫోన్‌లో ఒకాయన అంటున్నాడు. (రాయగడ)

ముందు ఆ ఫోన్ సంగతి. రిజిస్ట్రేషన్ ఫీజు అనో కమీషన్ అనో పైసా అడిగినా వెంటనే ఫోన్ పెట్టేయండి. పాత నాణేల కొనుగోలు, అమ్మకం తాము చేయమనీ, వాటికి రుసుము అడగమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

ఇక బిళ్లలు. టంకశాలలో ఒక లోహపు బయటి వలయాన్నీ ఇంకో లోహపు మధ్య ముక్కనూ కలిపి అచ్చుల నడుమ పెట్టి ఒకే దెబ్బ కొడతారు. ఆ ఒత్తిడికి మధ్య ముక్క సాగి వలయంలో బిగుసుకుంటుంది. రెండింటి మీదా ముద్ర ఒక్కసారే పడుతుంది. అందుకే ఒకే వైపున వలయం మీది అక్షరాలకూ మధ్యలోని బొమ్మకూ నిలువు కుదరకపోతే, ఎవరో తర్వాత ఊడదీసి తిప్పి బిగించారన్నమాట. బొమ్మ వైపు అంతా సరిగ్గా ఉండి, వెనక వైపు మొత్తంగా (వలయంతో సహా) తిరిగి ఉంటే మాత్రం అది అచ్చు తప్పు కావచ్చు.

మధ్య ముక్క లేనిదాన్ని భూతద్దంతో చూడండి. ముక్క లేకుండానే దెబ్బ పడివుంటే, వలయం లోహం ఆపేవాళ్లు లేక లోపలికి పాకుతుంది. రంధ్రం అంచు పదును లేకుండా వంపు తిరిగి, ఎగుడుదిగుడుగా ఉంటుంది. తర్వాత ఊడినదైతే లోపలి గోడ నిటారుగా ఉండి, ముక్క కూర్చున్న ఆనవాలు, తరచుగా సుత్తి గీతలు కనిపిస్తాయి. సంతలో అమ్మేవి ఎక్కువగా ఈ రెండో రకమే, వాటికి సేకరణ విలువ లేదు.

లోహం ధర కూడా ఆశపడేది కాదు. బిళ్లంతా రాగే అనుకుని, కిలో 900 రూపాయలు వేసుకున్నా ఏడు రూపాయలు దాటదు. పైగా నాణేన్ని కరిగించడం నేరం.

ప్రశ్న: సేకరణ ఎలా మొదలుపెట్టాలి? (గుణుపురం)

సంవత్సరం, టంకశాల జతగా సేకరించండి. తేదీ కింద చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. అరిగిన పది బిళ్లల కన్నా కొత్త మెరుపు పోని ఒక్కటి మేలు. పన్నెండు మూలల ఇరవై రూపాయల బిళ్ల (27 మి.మీ., 8.54 గ్రాములు) కూడా రెండు లోహాలదే, అదీ చేర్చండి.

ప్రశ్న: బిళ్లల అతుకు దగ్గర నల్లబడుతోంది. చింతపండుతో తోమవచ్చా? (బరంపురం)

దయచేసి వద్దు. చింతపండు, నిమ్మ, బూడిద ఏవైనా పైపొరను తినేస్తాయి, తోమిన నాణెం మళ్లీ మునుపటిలా కాదు. మీది సముద్రపు గాలి. ఉప్పు తేమ అతుకులో చేరితే రెండు వేర్వేరు లోహాల మధ్య చిన్న బ్యాటరీలా పనిచేసి, పది రూపాయల బిళ్లలోని అల్యూమినియం కంచు (రాగిలో అల్యూమినియం కలిపిన లోహం) వలయం ముందుగా పాడవుతుంది. జిడ్డు ఉంటే కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా, అసిటోన్ అనే ద్రావకంలో రెండు మూడు నిమిషాలు ముంచి, రుద్దకుండా గుడ్డ మీద ఆరబెట్టండి. నీళ్లలో నానబెట్టడం ఈ నాణేలకు మంచిది కాదు, అతుకులో తడి నిలిచిపోతుంది. తర్వాత అంచులు పట్టుకుని 27 మి.మీ. క్యాప్సూల్‌లో (నాణెం పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బీలో) పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకు పచ్చటి జిగురు వదులుతాయి, వాటిని వాడకండి. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి.