ఉగాండా ఫారంలో ఇరవై నెలల బాబు: ఊళ్ళో అవ్వ దగ్గర వదిలేయాలా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా ఆయన ఉగాండాలో ఒక పెద్ద ఫారంలో మేనేజరు. మొక్కజొన్న, మిరప వేస్తారు, ఆవులు కూడా ఉన్నాయి. ఇల్లు ఫారం లోపలే. కంపాలాకు కారులో నాలుగు గంటలు. బాబుకు పది నెలలప్పుడు ఇక్కడికి వచ్చాం, ఇప్పుడు ఇరవై నెలలు, బరువు 11 కిలోలు. ఈలోపు రెండుసార్లు మలేరియా వచ్చింది. మొన్న వీపు మీద సెగగడ్డ లాంటిది లేస్తే నొక్కాం, లోపలి నుంచి పురుగు బయటికొచ్చింది. మట్టి తింటాడు. మాటలు తక్కువ. మేం తెలుగు మాట్లాడతాం, చూసుకునే ఆవిడ వాళ్ళ భాష మాట్లాడుతుంది. మా అత్తమామలు "బిడ్డను మా దగ్గర వదిలిపోండి, స్కూలు వయసొచ్చాక తీసుకుపోదురు" అంటున్నారు. ఏప్రిల్‌లో ఊరికి వస్తున్నాం. వదిలి రావడమే మంచిదా? తిరిగి వెళ్ళేటప్పుడు పాముకాటు ఇంజెక్షన్, మందులు ఊరి నుంచి ఏం తీసుకెళ్ళాలి?

జవాబు (పిల్లల డాక్టరు, అనంతపురం):

వదిలేసి పోవద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ అత్తమామలను తప్పుపట్టను. మనవడికి రెండోసారి మలేరియా అని ఫోన్లో వింటే ఏ అవ్వకైనా గుండె జారిపోతుంది. కానీ ఇరవై నెలల బిడ్డను తల్లి నుంచి విడదీసి మూడేళ్ళు పెంచితే, ఆ బెంగకు నా దగ్గర సిరప్ లేదు. అయినా కళ్యాణదుర్గమేమీ రోగాల్లేని ఊరు కాదు కదా, బోరునీళ్ళలో ఫ్లోరైడు, వానలు పడితే డెంగీ, వీధి నిండా కుక్కలు. అవి మనకు అలవాటైపోయాయి కాబట్టి భయం వేయదు, అంతే.

మలేరియా విషయంలో మాత్రం మీ వాళ్ళ భయంలో నిజముంది. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, ఐదేళ్ళలోపు పిల్లలకు అది బాగా ప్రమాదం. పొద్దున జ్వరంతో ఆడుకుంటున్న బిడ్డ మర్నాటికి ఫిట్స్‌లోకి వెళ్ళిపోవచ్చు. అయితే అదే జబ్బుకు మొదటి రోజే పరీక్ష చేసి మందు వేస్తే మామూలుగా మూడు రోజుల్లో లేచి తిరుగుతాడు. మీవాడు రెండుసార్లు బయటపడ్డాడంటే మీరు ఆలస్యం చేయలేదన్నమాట, ఆ క్రెడిట్ మీదే.

అందుకే అసలు లెక్క దూరంది. కంపాలాకు నాలుగు గంటలని రాశారు గానీ నాకు కావాల్సింది అది కాదు. రాత్రి రెండింటికి, వాన కురుస్తుంటే, మట్టిరోడ్డు మీద, చిన్నపిల్లలకు రక్తం ఎక్కించగలిగి, ముదిరిన మలేరియాకు వాడే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ నరానికి ఇవ్వగలిగే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? మీ ఆయన్ని ఒక వాన రాత్రి బండి తీసుకుని పోయి చూసి రమ్మనండి. అక్కడ రాత్రి డ్యూటీలో ఎవరైనా ఉంటారా, రక్తం ఉంటుందా అని కూడా కనుక్కోమనండి. గంటన్నర, రెండు గంటల్లో చేరగలిగితే టెన్షన్ పడకుండా ఉండండి. వానల్లో దారే తెగిపోయే చోటైతే కంపెనీతో మాట్లాడి ఆ నెలలకు టౌన్‌లో ఇల్లు అడగండి, మేనేజరు అడిగితే ఇవ్వరా ఏంటి. అదీ కుదరకపోతే అప్పుడు ఊరికి రండి, కానీ మీరూ బిడ్డా కలిసి రండి.

ఇక జ్వరం వచ్చిన రోజు ఏం చేయాలో చెప్తాను. అక్కడ జ్వరమంటే పరీక్షే, జలుబున్నా సరే, పళ్ళు వస్తున్నాయని ఎవరు చెప్పినా సరే, 24 గంటలు దాటనీయొద్దు. ఉగాండాలో పల్లెల్లో విలేజ్ హెల్త్ టీమ్ అని వాలంటీర్లు ఉంటారు, చాలాచోట్ల వాళ్ళ దగ్గరే వేలు గుచ్చి చూసే కిట్టు, పిల్లల మలేరియా మందు ఉంటాయి. మీ ఫారం కూలీల పిల్లలకు ఎవరు చూస్తారో అడిగితే వాళ్ళే చూపిస్తారు. ఒక చిక్కుంది, చాలామందికి తెలియదు: ఆ కిట్టు మలేరియా తగ్గిపోయాక కూడా కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపించగలదు. కాబట్టి మందు వాడిన నెల లోపల మళ్ళీ జ్వరమొస్తే కిట్టును నమ్ముకోకుండా మైక్రోస్కోపు కింద రక్తం చూసే చోటికి వెళ్ళండి, లేకపోతే నిమోనియా జ్వరానికి కూడా మలేరియా మందు వేసుకుంటూ కూర్చుంటారు.

మలేరియాకు అక్కడ ఇచ్చే ఆర్టిమెథర్, లూమెఫాంట్రిన్ కలిపిన మాత్ర మంచిదే. మూడు రోజులు, ఆరు డోసులు, మొదటి రెండింటి మధ్య ఎనిమిది గంటలు. పాలతోనో, నూనె తగిలిన తిండితోనో వేస్తేనే ఒంటికి పడుతుంది. గంటలోపు కక్కేస్తే ఆ డోసు మళ్ళీ ఇవ్వాలి. రెండో రోజుకే జ్వరం దిగిపోతుంది, అక్కడే చాలామంది తల్లులు ఆపేస్తారు, ఆపొద్దు. ఫిట్స్, మత్తుగా పడిపోవడం, పాలు కూడా తాగలేకపోవడం, ఎగశ్వాస, అరచేతులు తెల్లబడటం, మూత్రం నల్లగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో మాత్రలు వేస్తూ ఉండొద్దు, బండెక్కండి. దూరం ఎక్కువైతే బయల్దేరే ముందు మలద్వారంలో పెట్టే ఆర్టిసునేట్ ఉంటుంది, దగ్గర్లోని హెల్త్ సెంటర్‌లో దొరుకుతుందేమో ఇప్పుడే అడిగిపెట్టుకోండి. మన వైపు నుంచి క్లోరోక్విన్ మాత్రం తీసుకెళ్ళొద్దు, అక్కడి ఫాల్సిపారం దానికి లొంగదు.

పారాసెటమాల్ సిరప్ తీసుకెళ్ళండి గానీ సీసా మీద అంకె చూసి తీసుకెళ్ళండి. 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి, రెండూ ఒకే రంగు డబ్బాలో వస్తాయి కొన్నిసార్లు. 11 కిలోల మీవాడికి ఒక డోసు సుమారు 165 మిల్లీగ్రాములు, అంటే 250 సిరప్ అయితే 3 మి.లీ.కి కొంచెం పైన, 120 సిరప్ అయితే 7 మి.లీ.కి కొంచెం తక్కువ. సీసా మారినప్పుడు చెంచా లెక్క మార్చకపోవడం వల్ల వచ్చే గొడవలు నా ఓపీలో మామూలే. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుకు మించొద్దు. నిమెసులైడ్ వద్దు, ఆస్పిరిన్ వద్దు. దగ్గు సిరప్‌లు అసలే వద్దు, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని 2025 అక్టోబరులో కేంద్రం కూడా చెప్పింది.

దోమతెర కథ మీకు తెలిసిందే కాబట్టి ఒక్కటే అడుగుతాను: వాడు నిద్రపోయాక తెర దించుతున్నారా, చీకటి పడగానే వాణ్ణి లోపలికి తెస్తున్నారా? మలేరియా దోమ సందె నుంచి తెల్లారేదాకా కుడుతుంది. అక్కడ ఏడాది పొడవునా ఏడింటికల్లా చీకటి, మీ ఆయన డ్యూటీ దిగి బిడ్డను ఎత్తుకుని వరండాలో కూర్చునే టైమ్ కూడా అదే అయ్యుంటుంది. వరండాకు జాలీ కొట్టించండి. మలేరియాకు ఇప్పుడు టీకా ఉంది, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తయారుచేశారు, మన పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉత్పత్తి అవుతోంది, ఉగాండాలో 2025లో మొదలైంది. ప్రభుత్వ కార్యక్రమం ముఖ్యంగా ఏడాదిలోపు పిల్లల కోసం, మీవాడికి ఇస్తారేమో అడగడంలో తప్పులేదు. వేయించినా తెర తీసేయొద్దు.

ఆ పురుగు గురించి. అది మ్యాంగో ఫ్లై అనే ఈగ పిల్ల, చూడటానికి ఒళ్ళు జలదరిస్తుంది గానీ మలేరియా ముందు అదెంత. ఈగ నీడలో ఆరేసిన తడిబట్టల మీదా, చెమటో మూత్రమో తగిలిన ఇసుకలోనూ గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడిగితే పిల్ల పురుగు చర్మంలోకి దూరి పది రోజులు లోపలే పెరుగుతుంది. గడ్డ మధ్యలో చిన్న చుక్కలాంటి రంధ్రం ఉంటే అదే. పచ్చిగా ఉన్నప్పుడు నొక్కొద్దు, లోపలే చితికితే చీము పడుతుంది. మన వైపు సెగగడ్డకు ఉల్లిగడ్డ కాల్చి కడతారు కదా, అదీ వద్దు. ఆ రంధ్రం మీద మందంగా వాజలీన్ పూసి ఉంచితే ఊపిరాడక తల బయట పెడుతుంది, అప్పుడు మెల్లగా తీసి సబ్బుతో కడగాలి. మళ్ళీ రాకుండా ఉండాలంటే ఇస్త్రీ ఒక్కటే మార్గం. చొక్కా పైపైన చేస్తే చాలదు. నిక్కరు తిరగేసి, నడుం ఎలాస్టిక్ సాగదీసి ఆ మడతల్లో కూడా పెట్టె వేడి తగలాలి, నాపీలు, తువ్వాళ్ళు, పక్కబట్టలు అన్నీ. కరెంటు లేని రోజున బట్టలు ఇంటి లోపలే ఆరేసుకోండి.

మట్టి తినడాన్ని అల్లరి అనుకోవద్దు. రెండు మలేరియాల తర్వాత రక్తం తగ్గి ఉంటుంది, ఐరన్ తక్కువైన పిల్లలు మట్టికి పోతారు, మట్టితో నులిపురుగులు వస్తాయి, అవి ఉన్న రక్తాన్ని ఇంకా తినేస్తాయి. హిమోగ్లోబిన్ చూపించండి, 11 కన్నా తక్కువుంటే ఐరన్ సిరప్ డాక్టరు చెప్పినన్ని నెలలు ఆపకుండా వాడాలి. నులిపురుగులకు వేసే ఆల్బెండజోల్ రెండేళ్ళ లోపు సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు, రెండు దాటాక 400. చెప్పుల్లేకుండా ఫారంలో తిప్పొద్దు.

మీరు పాము గురించి అడిగారు గానీ పురుగుమందు గురించి ఒక్క మాట రాయలేదు. మిరప వేసే చోట దానికే నేను ఎక్కువ భయపడతాను. అనంతపురం రైతు బిడ్డలు మీరు, కూల్‌డ్రింక్ సీసాలో మిగిలిన మందు పోసి గూట్లో పెట్టడం చూసే ఉంటారు. ఆ గది ఇంటికి దూరంగా ఉండాలి, తాళం ఉండాలి, మందు దాని డబ్బాలోనే ఉండాలి. మీ ఆయన పొలం బట్టలు బయటే మార్చుకుని, చేతులూ ముఖమూ కడుక్కున్నాకే పిల్లాణ్ణి ఎత్తుకోవాలి, ఎంత ఎగిరెగిరి వచ్చినా సరే. ఆ బట్టలు విడిగా ఉతకాలి. బిడ్డ మందు నోట్లో పెట్టుకున్నాడని అనుమానం వస్తే ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు. బట్టలు తీసేసి ఒళ్ళు కడిగి, మందు డబ్బా కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. చొంగ కారడం, చెమటలు, కంటిపాప బాగా చిన్నదైపోవడం కనిపిస్తే క్షణం ఆగొద్దు. ఇంకోటి నీళ్ళ డ్రమ్ములు, బకెట్లు, పంటకుంట. ఈ వయసు బిడ్డ తలకిందులుగా పడితే జానెడు నీళ్ళు చాలు.

పాము మందుకొస్తే, ఇక్కడి నుంచి మోసుకెళ్ళినా దండగే. మన ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు చేసినది, అక్కడి మాంబా, పఫ్ ఆడర్ వేరు. పైగా ఆ మందు డాక్టరు పక్కన లేకుండా ఇస్తే మందే ప్రాణం మీదికి తెస్తుంది. ఆఫ్రికా పాముల మందు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కుని ఆ నంబరు ఫోన్లో పెట్టుకోండి. ఫారంలో కుక్కలుంటే వాటికి రేబిస్ టీకాలు, బాబుకు కూడా ముందస్తు రేబిస్ టీకా ఈ ట్రిప్పులోనే వేయిస్తే నాకు సంతోషం. అది వేయించినా కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి టీకాకు వెళ్ళాల్సిందే.

తిండికి బెంగ పడక్కర్లేదు. ఉగాండాలో రాగులు బాగా పండుతాయి, వాళ్ళూ జావ కాచుకుంటారు, సంగటి మీరు కెలుక్కోండి. చెనక్కాయలూ దొరుకుతాయి, ఊరుబిండి నూరుకోవచ్చు, కానీ బూజు పట్టినవి, ముడుచుకున్నవి, చేదువి ఏరి పారేయాలి, వాటిలో లివర్‌ను పాడుచేసే అఫ్లటాక్సిన్ ఉంటుంది. వేయించినా పోదు. మొక్కజొన్న పిండికీ అంతే. పిల్లాడికి గింజగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడుతుంది, పొడిచేసి ఇవ్వండి. ఆవుల కొట్టం పక్కనే ఉంది కదా అని పిండిన పాలు పిండినట్టే పట్టొద్దు, పొంగేదాకా కాచాలి.

మాటల గురించి అంత కంగారు వద్దు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. తెలుగులో వచ్చినవీ, ఆ ఆవిడ నేర్పినవీ కలిపి లెక్కపెట్టండి, వాడు నీళ్ళకు 'అమాజ్జి' అంటే అదీ మాటే. రెండేళ్ళు నిండేసరికి అన్నీ కలిపి యాభై మాటలు, రెండు మాటలు జతచేసి చెప్పడం రావాలి. రాకపోతే, లేదా వెనకనుంచి పిలిస్తే పలకకపోతే, చెవి పరీక్ష చేయించాలి. ఫోన్లో బొమ్మలు మాత్రం తగ్గించండి.

ఏప్రిల్ ప్రయాణానికి ముందు బాబు ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉందో లేదో వెతకండి. మీరిద్దరూ వెళ్ళేటప్పుడే వేయించుకుని ఉంటారు, వాడికప్పుడు పది నెలలే కాబట్టి వదిలేసి ఉండొచ్చు. ఉగాండా నుంచి ఇండియాకు వచ్చే తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు అది తప్పనిసరి, వేయించాక పది రోజులకు గానీ కార్డు చెల్లదు, లేకపోతే దిగగానే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఎయిర్‌పోర్టు వాళ్ళకుంది. మీరున్న చోట ఎండ మన ఎండ ముందు ఎండే కాదు, ఏప్రిల్లో అనంతపురం 40 దాటుతుంది, వచ్చిన మొదటి వారం మధ్యాహ్నాలు చుట్టాల ఇళ్ళకు తిప్పొద్దు. ఊళ్ళో ఉండగా, వచ్చిన మూడు నెలల లోపు ఎప్పుడు జ్వరమొచ్చినా డాక్టరుతో "ఉగాండా నుంచి వచ్చాం, రెండుసార్లు మలేరియా వచ్చింది" అని మొదటి మాటే చెప్పండి. మీరు చెప్పకపోతే ఇక్కడ ఎవరైనా ఎండదెబ్బ అనో టైఫాయిడ్ అనో అనుకుంటారు. మలేరియాకు రక్తం చూడమని మీరే అడిగి మరీ ఆ రోజే చేయించండి.