హైదరాబాద్‌లో ఉంటూ చెక్క విల్లు చెయ్యడం నేర్చుకోవచ్చా? టిల్లరింగ్ ఎట్ల చెయ్యాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది కదా: ఎప్పుడూ విల్లు చెయ్యలేదు, కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నావు, కర్ర ఎక్కడ దొరుకుతదో తెలీదు, వీడియోల్లో అందరూ టిల్లరింగ్ టిల్లరింగ్ అంటరు కానీ ఎక్కడ గీకాలో ఎప్పుడు ఆపాలో అర్థం కావట్లేదు అని. నేను కొన్నేళ్లుగా మా బాల్కనీలో, టెర్రస్ మీద ఇదే పనిలో ఉన్నా. కర్ర, పనిముట్ల సంగతి గబగబా చెప్పేసి టిల్లరింగ్ దగ్గర, అంటే రెండు వైపులా సమానంగా వంగేదాకా కర్రని కొంచెం కొంచెం గీకి సరిచేసే పని దగ్గర, ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే కర్ర విల్లుగా మారేది అక్కడే.

మొదటి విల్లుకి నా ఓటు వెదురుకే. పందిళ్లకి వాడే పల్చటి బొంగు పనికిరాదు, గోడ మందం కనీసం అర అంగుళం ఉండాలి, లాఠీలకి వాడే లోపల బోలు లేని గట్టి వెదురు దొరికితే ఇంకా మంచిది. బొంగు మొదలు వైపు ముక్క అడుగు, అక్కడే మందం ఎక్కువ. పచ్చిది తెస్తే వెంటనే నిలువునా చీల్చి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పడేస్తే పగులుతది. వెదురులో పిండి పదార్థం ఉంటది కాబట్టి పుచ్చు పురుగు తొందరగా పడుతది, అందుకే పాతకాలం వాళ్ళు కొన్ని వారాలు నీళ్ళల్లో నానేసి తర్వాత ఆరబెట్టేవాళ్ళు, నేను కూడా అట్లనే చేస్తా. ఆరిందా లేదా అని చేత్తో పట్టుకుని చెప్పలేం, కిచెన్ తూకం మీద పెట్టి బరువు రాసుకో, రెండు మూడు వారాలు బరువు మారకుండా ఉంటే ఆరినట్టు.

వెదురు కాకుండా పలక నుంచి చేద్దామంటే బోయిగూడ టింబర్ డిపోల వైపు ఒకసారి తిరుగు. ధామన్ అని అడుగు, తెలుగులో చరచి అంటరు, సాగే గుణం బాగా ఉన్న కర్ర, విల్లులకి, పనిముట్ల పిడులకి ఎప్పటినుంచో వాడుతున్నదే. ఇంపోర్టెడ్ వుడ్ అమ్మేవాళ్ళ దగ్గర వైట్ యాష్ పలక దొరికితే అది కూడా ఓకే. టేకు అందరికీ ముందు గుర్తొస్తది కానీ మొదటి విల్లుకి నేను రికమెండ్ చెయ్యను. ఏ కర్రైనా చూడాల్సింది ఒక్కటే, నారలు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా సూటిగా పోతున్నాయా లేదా. పలక పక్క నుంచి నారలు బయటికి జారిపోతుంటే సరిగ్గా అక్కడే చిట్లుతది. మన దగ్గర కర్రల్లో వలయాలు అంత స్పష్టంగా కనపడవు కాబట్టి ఫౌంటెన్ పెన్ ఇంకు ఒక చుక్క వేసి చూడు, ఇంకు నార వెంబడే పాకుతది, ఆ గీత పలక అంచుకి సమాంతరంగా ఉందంటే తీసుకో, లేకుంటే డిపో వాడు ఎంత బతిమాలినా వద్దు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. రాణిగంజ్ పోతే అన్నీ ఒక్క చోటే దొరుకుతయి: చేతి రంపం, రందా, ముతక ఆకురాయి, సన్న ఆకురాయి, రెండు సి క్లాంపులు, ఉప్పు కాగితం, లగేజీ తూచే డిజిటల్ కొక్కెం, ఒక చిన్న కప్పీ, గట్టి పాలిస్టర్ తాడు. నైలాన్ తాడు మాత్రం వద్దు, అది సాగుతది, నీ కొలతలన్నీ తప్పుగా వస్తయి. గ్రైండర్, ఎలక్ట్రిక్ సాండర్ కూడా మొదటి విల్లుకి పెట్టకు, చుట్టుపక్కలోళ్ళు గొడవ చేస్తరని కాదు, అది తీసే స్పీడుకి నీ కన్ను అందదు. చేత్తో గీకితే చప్పుడు కూడా రాదు, అపార్ట్‌మెంట్‌లో హాయిగా చేసుకోవచ్చు.

సైజు విషయం. 28 అంగుళాలు లాగే మనిషికి, మధ్యలో వంగని పిడి ఉన్న విల్లు అయితే 68 అంగుళాల పొడవు పెట్టుకో, పొడవు ఎక్కువుంటే కర్ర మీద భారం తక్కువ పడుతది. పిడి, దాని రెండు వైపులా సన్నబడే భాగం కలిపి మధ్యలో 8 అంగుళాలు. పలక అయితే లింబ్ (పిడికి అటూ ఇటూ వంగే భాగం) వెడల్పు దాని సగం పొడవు దాకా దాదాపు 2 అంగుళాలు, అక్కడ్నుంచి చివర అర అంగుళానికి సన్నబడాలి. మందం పిడి దగ్గర 16 మి.మీ., చివర 12 మి.మీ. తో మొదలుపెట్టు, టిల్లరింగ్‌లో అదే తగ్గుతది. విల్లు బరువు, అంటే నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలం, 30 పౌండ్లు చాలు, అంటే పదమూడున్నర కిలోలు. 50 పౌండ్ల విల్లు కావాలని మొదట్లోనే పోకు, దాన్ని నువ్వే సరిగ్గా లాగలేవు.

ఇప్పుడు అసలు విషయం. విల్లుకి రెండు మొహాలుంటయి. గురి వైపు ఉండేది బ్యాక్, నీ వైపు ఉండేది బెల్లీ. లాగినప్పుడు బ్యాక్ సాగుతది, బెల్లీ నలుగుతది. బ్యాక్ మీద ఒక్క నార తెగినా చీలిక అక్కడ్నుంచే మొదలైతది, అందుకే బ్యాక్‌ని ముట్టుకోవద్దు, తీసేదంతా బెల్లీ వైపే. వెదురులో బలమైన నారలు పైతోలు కింద చిక్కగా ఉంటయి, లోపలికి పోయేకొద్దీ పల్చబడతయి, కాబట్టి పైతోలు వైపే బ్యాక్, పైనున్న మైనం పొర తేలిగ్గా గీకితే చాలు, కణుపులు కూడా ఆ వైపు చదును చెయ్యకు. పలక విల్లు అయితే బ్యాక్ మీద పాత పట్టుచీర ముక్క గానీ నార బట్ట గానీ ఫెవికాల్ మెరైన్‌తో అంటిస్తే కొంచెం రక్షణ ఉంటది. పట్టు అంటే కల్తీ లేని పట్టే, సింథటిక్ చీర వల్ల ఉపయోగం లేదు.

ఇంకోటి, దీన్ని పుస్తకం అట్ట మీద రాసుకో. గట్టితనం వెడల్పుతో పాటు మామూలుగా తగ్గుతది కానీ మందంతో మాత్రం మూడో ఘాతంలో తగ్గుతది. వెడల్పు సగం చేస్తే గట్టితనం సగం అయితది, మందం సగం చేస్తే ఎనిమిదో వంతుకి పడిపోతది. 10 మి.మీ. ఉన్నచోట ఒక్క మిల్లీమీటరు తీశావంటే గట్టితనంలో పావు వంతు పైనే పోయినట్టు. కొత్తవాళ్ళ విల్లులు ఎక్కువగా ఒక్క చోట మడత పడి పాడయ్యేది ఇందుకే, చూడ్డానికి ఏమీ తియ్యనట్టే ఉంటది కానీ అక్కడ కర్ర లొంగిపోయి ఉంటది. అందుకని ముతక ఆకురాయి మొదట్లోనే, విల్లు వంగడం మొదలుపెట్టాక సన్న ఆకురాయి, చివర్లో గాజు పెంకు గానీ విరిగిన హాక్సా బ్లేడు అంచు గానీ.

మొదటి అడుగు నేల మీద. ఒక చివర నేలకి ఆనించి, పిడి పట్టుకుని మెల్లగా నొక్కి, కర్ర ఎక్కడ వంగుతుందో ఎక్కడ మొండికేస్తుందో చూడు. వంగని చోట పెన్సిల్‌తో గీతలు పెట్టి ఆ గీతలు పోయేదాకా మాత్రమే గీకు. గీకిన ప్రతిసారీ ఇరవై ముప్ఫై సార్లు మెల్లగా వంచు, తీసిన మార్పు కర్రలో వెంటనే కనపడదు, వంచుతుంటేనే బయటపడుతది. ఉట్నూరు వైపు ఒక గోండు పెద్దాయన వెదురు విల్లు చేస్తుంటే పక్కన కూర్చుని చూసే అదృష్టం నాకు దొరికింది, ఆయన దగ్గర ఒక్క కత్తి తప్ప ఏం లేదు, నారి కూడా వెదురు బద్దతో చేసిందే. కత్తి పట్టుకున్న టైమ్ కంటే విల్లుని మోకాలికి ఆనించి వంచి, ఒక కన్ను మూసి నిలువునా చూసిన టైమే చాలా ఎక్కువ. నాకు టిల్లరింగ్ అర్థమైంది ఆరోజే అని చెప్పాలి, వీడియోల్లో ఆ చూసే భాగమంతా కట్ చేసేస్తరు, గీకేదే చూపిస్తరు.

రెండు లింబ్‌లూ నేల మీద ఒకేలా వంగుతున్నాయంటే చివర్లలో నారి కూర్చునే గాడులు కోసి, పొడుగు తాడు వదులుగా కట్టి, గోడకి బిగించిన టిల్లరింగ్ ట్రీ మీద పెట్టు. ట్రీ అంటే ఏం లేదు, పిడి కూర్చోడానికి పైన ఒక గూడు, కింద ఒక కప్పీ, తాడు లగేజీ కొక్కెం గుండా నీ చేతికి. కప్పీ ఎందుకంటే నువ్వు రెండు మూడు మీటర్లు పక్కకి నిలబడి లాగాలి, కర్ర విరిగితే ముక్కలు మొహం మీదికి వస్తయి, కళ్ళకి రక్షణ అద్దాలు పెట్టుకో, పిల్లలు ఉంటే అసలు లాగకు. వెనక గోడ మీద రెండు అంగుళాల గళ్ళు గీసుకో, ఫోన్ ఒక్కచోటే స్టాండ్ మీద పెట్టి ప్రతి దశలో ఫోటో తియ్యి. ఆ ఫోటోని అద్దంలోలా తిప్పి అసలు దాని పక్కన పెట్టి చూస్తే ఏ లింబ్ గట్టిగా ఉందో కళ్ళకి కొట్టినట్టు కనపడుతది.

ఇక్కడ ఒక్క రూల్ మాత్రం దేవుడి మీద ఒట్టేసినట్టు పాటించు. కావాల్సిన బరువు 30 పౌండ్లు అనుకున్నావు కదా, కొక్కెం మీద పదమూడున్నర కిలోలు చూపించగానే లాగడం ఆపు, ఆ టైమ్‌కి నారి 10 అంగుళాలే వచ్చి ఉన్నా సరే. వంపులో తేడా కనపడిందంటే ఆ బరువు కూడా రాకముందే ఆపు. వంపు సరిగ్గా లేని విల్లుని ఇంకొంచెం లాగి చూద్దాం అనుకున్నావంటే బలహీనంగా ఉన్న చోటే భారమంతా పడుతది, బెల్లీ మీద సన్నటి అడ్డగీతలు పడతయి, అవి నలిగిన నారలు, మళ్ళీ బాగుకావు. సరిచేసి, వంచి, మళ్ళీ లాగు, అదే బరువుకి 12 అంగుళాలు వస్తది, తర్వాత 15, అట్ల అట్ల 28కి చేరుతది. చివర్లు ఒక అడుగు పొడవున కాస్త గట్టిగానే ఉండనీ, పిడి పక్కన మాత్రం ఎక్కువ వంగనియ్యకు, కొత్త విల్లుల్లో మడత ఎక్కువగా పడేది అక్కడే.

పొడుగు తాడు మీద చివర్లు ఐదారు అంగుళాలు సమానంగా వంగుతుంటే అసలు పొడవు నారి ఎక్కించు, ముందు పిడికి నారికి మధ్య 3, 4 అంగుళాల ఖాళీతో, తర్వాత మెల్లగా 6 దాకా. పొడుగు తాడు మీద ఎక్కువ లాగుతూ కూర్చోకు, దాని మీద కనపడే వంపు, బరువు రెండూ అసలు నారి మీద ఉన్నట్టు ఉండవు. నారికి డాక్రాన్ (విల్లు నారికి వాడే పాలిస్టర్ దారం) వాడు. బాణం పైన ఒక వేలు, కింద రెండు వేళ్ళు పెట్టి నారి లాగేటట్టైతే కింది లింబ్ కొంచెం గట్టిగా ఉండాలి, నారి నుంచి లింబ్ దూరం పిడి పక్కన కొలిస్తే కింద మూడు నాలుగు మి.మీ. తక్కువ రావాలి. రెండు మూడు పౌండ్లు ఎక్కువ ఉన్నప్పుడే ఆకురాయి పక్కన పెట్టేసెయ్, ఉప్పు కాగితం, మొదటి వంద బాణాలు ఆ మిగిలింది తీసేస్తయి.

నారి దింపాక విల్లు ఒక అంగుళం నీ వైపు వంగే ఉంటే భయపడకు, అది సహజం, రెండు అంగుళాలు దాటితే మాత్రం కర్ర సరిగ్గా ఆరలేదనో తొందరగా లాగావనో అర్థం. మన హైదరాబాద్‌లో ఇది ఇంకా చూసుకోవాలి. వానాకాలంలో గాలి తేమ కర్రలోకి ఎక్కి విల్లు మెత్తబడుతది, ఏప్రిల్ మే నెలల్లో కర్ర మరీ ఎండిపోయి పెళుసు అయితది. నేను టిల్లరింగ్ అంతా నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే పెట్టుకుంటా, వానాకాలం నారి పేనుకోడానికి. ఎండలో ఆగిన కారులో మాత్రం ఎప్పుడూ పెట్టకు.

మొదలుపెట్టే ముందు మాసబ్ ట్యాంక్‌లో ఉన్న నెహ్రూ సెంటినరీ ట్రైబల్ మ్యూజియంకి ఒకసారి పోయిరా, మన ఆదివాసుల పనిముట్లు, ఆయుధాలు అక్కడ చూడొచ్చు. విల్లు కనపడితే ముందు నుంచి కాకుండా పక్కనుంచి చూడు, మందం ఎక్కడ్నుంచి ఎక్కడికి తగ్గుతుందో గమనించు. ఫోటోలు తీసుకోవచ్చా అని అక్కడున్నవాళ్ళని అడిగి తీసుకో.

విల్లు అయ్యాక టెర్రస్ మీద వెయ్యొద్దు ప్లీజ్. 30 పౌండ్ల విల్లు కూడా బాణాన్ని వంద మీటర్లు దాటించగలదు, పక్క బిల్డింగ్‌లో ఎవరున్నారో నీకు తెలీదు. ఆర్చరీ నేర్పే గ్రౌండ్‌లో అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే వెనక గడ్డి మోపులు పెట్టిన లైన్‌లోనే వెయ్యి. పక్షుల మీద, జంతువుల మీద అసలు ఎక్కుపెట్టకు, 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. బాణం లేకుండా ఉత్త నారి లాగి వదలడం కూడా వద్దు, బాణంలోకి పోవాల్సిన బలమంతా లింబ్‌లకే తగిలి విల్లు అక్కడికక్కడే విరగొచ్చు.

నేల మీద వంచే దశ అయ్యాక పక్కనుంచి తీసిన ఫోటో ఇక్కడ కామెంట్‌లో పెట్టు, విల్లు మొత్తం చివర నుంచి చివర దాకా ఫ్రేమ్‌లో పడాలి, ఫోన్ పిడి ఎత్తులో ఉండాలి, ఏటవాలుగా తీస్తే వంపు తప్పుగా కనపడుతది. ఎక్కడ గీకాలో గీతలు పెట్టి తిరిగి పంపిస్తా.