చర్చికి మొదటిసారి వెళ్తున్నా, ఎక్కడ కూర్చోవాలి?

ప్రశ్న: ఉద్యోగం మారి కొత్త ఊరు వచ్చాం. పక్కింటావిడ ప్రతి ఆదివారం చర్చికి వెళ్తారు, నన్నూ ఒకసారి రమ్మని రెండుసార్లు పిలిచారు. వెళ్లాలనే ఉంది. కానీ మాది క్రైస్తవ కుటుంబం కాదు, బైబిల్ ఎప్పుడూ తెరవలేదు. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక అందరి కళ్లలో పడతానేమోనని టెన్షన్. కానుక వేయాలా? మతం మారమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: చివరి రెండు ప్రశ్నలే ముందు చూద్దామండి, మిగతావి అక్కడ పది నిమిషాలు కూర్చుంటే వాటంతటవే తెలిసిపోతాయి.

కానుక సంచి మీ దాకా వస్తే పక్కవాళ్లకి అందించేయండి, అంతే. ఎవరి మనసులో అనుకున్నంత వాళ్లు ఇవ్వాలి, బలవంతం మీద కాదు అని బైబిల్‌లోనే ఉంది, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథీయులకు (కొరింథు ఊరి క్రైస్తవులకు) రాసిన రెండో పత్రిక, అంటే ఉత్తరం, 9వ అధ్యాయంలో. ఇక మతం మారడం, అంటే బాప్తిస్మం (నీళ్లతో చేసే, క్రైస్తవంలోకి చేర్చుకునే సంస్కారం). ఒక ఆదివారం వచ్చి కూర్చున్నంత మాత్రాన ఎవరూ క్రైస్తవులైపోరు, చాలా సంఘాల్లో (చర్చిల్లో) బాప్తిస్మానికి ముందు కొన్నాళ్లు బోధ ఉంటుంది, కేథలిక్ చర్చిలో పెద్దవాళ్లయితే సాధారణంగా నెలల తరబడి నేర్చుకోవాలి. మొదటి రోజే నిర్ణయం చెప్పమని ఎవరైనా పట్టుబడితే 'ఆలోచించుకుంటానండి' అని మర్యాదగా వచ్చేయండి. అలా తొందరపెట్టే చోటికి మళ్లీ వెళ్లకపోయినా ఫర్వాలేదని నా ఉద్దేశం.

లోపల ఏం జరుగుతుందంటే, పేర్లు మారతాయి గానీ వరస దాదాపు ఒకటే. పాటలు, ప్రార్థన, బైబిల్ చదవడం, దాని మీద ప్రసంగం, కానుక, చివర ఆశీర్వాదం. ఇది నిన్నా మొన్నా పుట్టిన పద్ధతి కాదు. క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోమా చక్రవర్తికి విన్నపం రాస్తూ, ఆదివారం అందరూ ఒకచోట చేరి అపొస్తలుల (యేసు ముఖ్య శిష్యుల) రాతలు చదువుకుంటారని, పెద్ద ఒకాయన బోధిస్తాడని, తర్వాత రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారని, పోగైన డబ్బు అనాథలకూ విధవరాళ్లకూ రోగులకూ వెళ్తుందని వివరించాడు.

ఆ రొట్టె, ద్రాక్షారసం దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. దాన్ని ప్రభు భోజనం అంటారు, కేథలిక్కులు దివ్య సత్ప్రసాదం అంటారు. చాలా చర్చిల్లో విశ్వాసం ప్రకటించి బాప్తిస్మం పొందినవాళ్ల కోసం అది, కేథలిక్ చర్చిలో అయితే మామూలుగా కేథలిక్కులకే. అందరూ ముందుకు వెళ్తుంటే మీరు సీట్లోనే కూర్చోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. లేవడం, కూర్చోవడం అంటారా, ముందు వరసలో వాళ్లని చూసి చేయొచ్చు, అందుకే వెనక నుంచి మూడో నాలుగో వరస మంచిది. (మరీ చివరి వరసలో కూర్చుంటే ఆలస్యంగా వచ్చేవాళ్లంతా మిమ్మల్ని దాటుకుంటూ వెళ్తారు.)

వెళ్లేముందు ఏదైనా చదవాలనిపిస్తే మార్కు సువార్త చదవండి. బైబిల్‌లో యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. పాత తెలుగు బైబిల్‌లో 'చెప్పెను', 'పోయెను' అని ఉంటుంది, రెండు పేజీల తర్వాత అలవాటైపోతుంది. ఇంతకీ మిమ్మల్ని పిలిచిన పక్కింటావిడ ఉన్నారు కదా, ఆవిడతోనే వెళ్లి పక్కనే కూర్చోండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ప్రశ్న: మా సంఘంలో కొత్తగా వచ్చినవాళ్లని లేచి నిలబడి పేరు, ఊరు చెప్పమంటాం, అందరం చప్పట్లు కొడతాం. ఈమధ్య ఒకామె మళ్లీ రాలేదు. మేం చేసేది తప్పా?
- ఒక సంఘ సభ్యుడు

జవాబు: ఆమె ఎందుకు రాలేదో నేనెలా చెప్పగలను గానీ, నన్నలా నిలబెడితే నేనూ రాను. మీ ఉద్దేశం మంచిదే, కాకపోతే మొదటి రోజు చాలామంది ఎవరి కంటా పడకుండా చూసి వెళ్దామని వస్తారు. గుమ్మం దగ్గరే 'పరిచయం చేయమంటారా, వద్దా?' అని ఒక్క మాట అడగండి. పాటల పుస్తకం ఇచ్చి పేజీ చూపించండి. బైబిల్‌లో యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టలవాడిని అక్కడ నిలబడమనడం తప్పని చెప్పిన సంగతి ఉంది, దాన్ని గుమ్మం దగ్గర నిలబడేవాళ్లంతా ఒకసారి కలిసి చదవండి. ఆరాధన అయ్యాక మీలో మీరే గుంపులు కట్టి మాట్లాడుకోకుండా ఒకరిద్దరు ఆ కొత్త మనిషి దగ్గరికి వెళ్లాలి. ఫోన్ నంబర్ మాత్రం వాళ్లంతట వాళ్లు ఇస్తేనే తీసుకోండి.