ల్యాప్‌టాప్‌లు ఉండగా వైట్‌బోర్డు ఎందుకు?

చెన్నై పెరుంగుడిలో కొత్తగా చిన్న ఆఫీసు తెరిచామని, అందరి దగ్గరా ల్యాప్‌టాప్‌లు ఉండగా గోడకు వైట్‌బోర్డు పెట్టించడం దండగ ఖర్చేమోనని అడిగారు. క్లాసులో తప్ప ఇంకెక్కడైనా అది నిజంగా పనికొస్తుందా అన్నది మీ రెండో ప్రశ్న.

పెట్టించండి. చెన్నైలో చదువుకునేటప్పుడు, తర్వాత ఫ్యాక్టరీ ఉద్యోగంలో, ఆ తర్వాత ఒక ఆస్పత్రి గదిలో బోర్డుతో నాకు బాగా పని పడింది. మూడు చోట్లా ఒకటే గమనించాను. మామూలుగా నోరు విప్పని మనిషి, లేదా విప్పలేని మనిషి, మార్కర్ చేతికొస్తే తన మాట చెబుతాడు. ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఎవరో ఒకరిదే, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు.

ఐఐటీ మద్రాసులో మెకానికల్‌లో ఎమ్మెస్ చేశాను. మా గైడు గదిలో ఒక గోడ పొడుగునా బోర్డు ఉండేది. ప్రింటు తీసిన కాగితాలు పట్టుకెళ్తే సార్ చదివేవారు, మేం తలలు ఊపేవాళ్లం. అదే లెక్క బోర్డు మీద మొదటి లైను నుంచి చేస్తుంటే, "ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అని ఎవరో ఒకరు ఆపేవారు. మా పని బీముల కంపనాల మీద. ప్రయోగంలో వచ్చే ఫ్రీక్వెన్సీ మేం లెక్కగట్టినదానికంటే ఎప్పుడూ తక్కువే వచ్చేది. కొత్తగా చేరిన విజయనగరం అబ్బాయి ఒకడు, మీటింగుల్లో పెదవి కదపనివాడు, ఒకరోజు లేచి వెళ్లి బీము బిగించిన చివర చిన్న స్ప్రింగు బొమ్మ గీశాడు. "బోల్టు వేసినంత మాత్రాన అక్కడ కదలిక సున్నా అవదు కదా సార్" అన్నాడు. బిగింపు కాస్త వదులుగా ఉంటే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. మాకు కావలసిన జవాబు అదే. ప్రింటు కాగితం మీదైతే ప్రొఫెసర్ రాసినదాన్ని దిద్దడానికి అతను సాహసించేవాడు కాదని నా నమ్మకం. బోర్డు మీద ఉన్నది ఇంకా ఖాయం కాలేదని అందరికీ తెలుసు, ఆ ధైర్యమే అతన్ని లేపింది.

కేంబ్రిడ్జిలో గణితానికున్న ఐజాక్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్‌లో లిఫ్టులోనూ టాయిలెట్లలోనూ కూడా నల్లబల్లలు పెట్టారు. కొందరికి అతిగా అనిపించవచ్చు. ఆలోచన మీటింగు హాల్లోనే తట్టాలన్న రూలేమీ లేదు కాబట్టి నాకది చాలా సబబుగా తోస్తుంది.

అయితే తుడిచేయడంలో నష్టం కూడా ఉంది. దానికి మన చెన్నైలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1912లో పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతానికి గుమస్తాగా చేరిన రామానుజన్‌కు కాగితం ఖరీదైన వస్తువు. లెక్కంతా పలక మీద చేసి, మోచేత్తో తుడిచి, తేలిన ఫలితం మాత్రం నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. ఆ నోటుబుక్కుల్లోని చాలా ఫలితాలకు నిరూపణలు లేవు. వాటికి నిరూపణలు సమకూర్చి అమెరికా గణితవేత్త బ్రూస్ బెర్న్‌డ్ట్ తెచ్చిన అయిదు సంపుటాలు 1985 నుంచి 1998 దాకా వెలువడ్డాయి. మనం రామానుజన్‌లం కాకపోయినా, ఎందుకు అలా నిర్ణయించామన్నది మూడు నెలల తర్వాత మనకూ గుర్తుండదు. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. తుడిచే ముందు ఫొటో తీయండి. అంతకుముందే ఓ మూల తేదీ, ఎవరెవరున్నారు, కొట్టేసిన దారిని ఎందుకు కొట్టేశారు, ఈ మూడూ రాయండి. తేదీ లేని బోర్డు ఫొటో ఎంత చూసినా అర్థం కాదు.

తర్వాత శ్రీపెరుంబుదూర్ దగ్గర ఒక ఆటో విడిభాగాల ప్లాంటులో చేరాను. అక్కడ ప్రతి లైను పక్కనా గంట గంటకూ నింపే బోర్డు ఉండేది. ఎన్ని చేయాలి, ఎన్ని అయ్యాయి, మెషీన్ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. లైను మీద తమిళులు, మనవాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కలిసి పనిచేసేవారు. ఆఖరి గడి ఆపరేటరే తన చేత్తో, తనకొచ్చిన భాషలో నింపాలి. తర్వాత లెక్కలన్నీ టీవీ స్క్రీన్ మీద వాటంతటవే వచ్చేలా చేశారు. అంకెలు ఇంకా కచ్చితంగా వచ్చాయి కానీ, ఆ ఆఖరి గడికి మాత్రం ఓ మెనూలోంచి ఏదో కారణం ఎంచుకోవడమే మిగిలింది. "రెండో పాలెట్ మీద పిన్ను అరిగింది, చేత్తో తట్టి కూర్చోబెడుతున్నా" అన్న వాక్యం ఏ మెనూలో దొరుకుతుంది? కొంతకాలానికి స్క్రీన్ పక్కనే చిన్న బోర్డు మళ్లీ వచ్చింది. పొద్దుటి మీటింగు స్క్రీన్ ముందు కాకుండా దాని ముందే జరిగేది.

ఇక ఆస్పత్రి సంగతి. మా పెదనాన్నది గూడూరు దగ్గర, రొయ్యల చెరువులు చూసుకునేవాడు. స్వరపేటికలో క్యాన్సరని తేలాక చెన్నైలో ఆపరేషన్ చేయించాం. స్వరపేటిక మొత్తం తీసేస్తే మెడ ముందు చేసిన రంధ్రంలోంచే ఊపిరి పీల్చాలి, గొంతు ఉండదు. ఆయనకు తెలుగు తప్ప రాదు, నర్సులకు తమిళం తప్ప రాదు. మొదట్లో ఏం జరిగేదంటే, అందరూ మాతోనే మాట్లాడేవాళ్లు. "నొప్పి ఉందంటారా?" అని డాక్టరు నన్ను అడిగేవాడు, నేనేదో ఊహించి చెప్పేదాన్ని, ఆయన మంచం మీంచి చూసేవాడు.

చిన్న వైట్‌బోర్డు ఒకటి తెచ్చాం. ఎడమ పక్కన లామినేట్ చేయించిన కాగితం అతికించాం. నొప్పి, నీళ్లు, కఫం తీయాలి, ఊపిరి ఆడట్లేదు, తలగడ సర్దండి అని తెలుగులో, ఎదురుగా తమిళంలో. కింద నొప్పి ఎంతో చూపడానికి 0 నుంచి 10 దాకా అంకెలు. వేలు పెడితే నర్సుకు తెలిసిపోతుంది. కుడిపక్క ఖాళీ ఆయనకు. మొదటిరోజే అక్కడ "మోటారు కరెంటు బిల్లు కట్టారా" అని రాశాడు. మా పెద్దమ్మ చదివి ఏడ్చేసింది, కట్టేశామని నేను గట్టిగా చెప్పాను. డిశ్చార్జికి ముందు డాక్టరు వచ్చినప్పుడు "చెరువు పని మళ్లీ చేయొచ్చా" అని పెదనాన్న రాసి బోర్డు డాక్టరు వైపే తిప్పి పట్టుకున్నాడు. ఆ రోజు డాక్టరు మంచం పక్కన కూర్చుని ఆయనకే జవాబు చెప్పాడు. మెడ రంధ్రంలోకి నీళ్లు పోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తాయి, కాబట్టి గట్టు మీద పని సరే, నీళ్లలో దిగడం మాత్రం వద్దు. ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా అవసరం పడితే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. ముందు కళ్లజోడు పెట్టండి. బోర్డును ఏటవాలుగా మీరు పట్టుకోండి. సగం రాయగానే మీరు ఊహించి పూర్తి చేయకండి, అది వాళ్ల మాట. మార్కర్ ఘాటు, తుడిస్తే రాలే పొడి ఆ రంధ్రం దగ్గర మంచిది కాదనిపించి తర్వాత మేం బటన్ నొక్కితే చెరిగిపోయే ఎల్‌సీడీ పలకకు మారాం.

మీ ఆఫీసు విషయానికొస్తే, చవకైన మెలమైన్ (ప్లాస్టిక్ లాంటి పైపొర ఉన్న) బోర్డు కొనకండి. పైపొర అరిగేకొద్దీ సిరా లోపలికి దిగి, పాత రాతలు నీడల్లా ఉండిపోతాయి. సిరామిక్ పూత ఉన్న స్టీలు బోర్డు గానీ గాజు బోర్డు గానీ చాలా ఏళ్లు వస్తుంది. అయస్కాంతం అంటుకుంటే సిరామిక్ అనుకోవద్దు, మామూలు పెయింటు వేసిన ఇనప రేకుకూ అంటుకుంటుంది, బిల్లులో రాయించుకోండి. ప్యారీస్ కార్నర్ పక్కన ఆండర్సన్ స్ట్రీట్ చుట్టుపక్కల స్టేషనరీ షాపుల్లో అడగండి. ఎవరైనా పర్మనెంట్ మార్కర్‌తో రాసేస్తే, దాని మీదే బోర్డు మార్కర్‌తో దిద్ది వెంటనే తుడవండి, ఆ సిరాలోని ద్రావకం పాతదాన్ని కరిగిస్తుంది. మార్కర్లను పడుకోబెట్టి ఉంచండి. ఎండిపోయినవి అప్పటికప్పుడు పారేయండి, లేచొచ్చిన మనిషికి రాయని మార్కర్ దొరికితే మళ్లీ వెళ్లి కూర్చుంటాడు.

బోర్డు మీ క్యాబిన్‌లో కాకుండా, కాఫీ తాగే చోట పెట్టించండి. వీడియో కాల్‌లో ఎవరైనా ఉంటే కెమెరా మీ ముఖాల వైపు కాకుండా బోర్డు వైపు తిప్పండి. "చెరపకండి" అని రాసేవాళ్లు ఎప్పటిదాకానో కూడా రాయాలని మొదటిరోజే చెప్పండి.