260 వాట్ల డబ్బాలో ఏ గ్రాఫిక్స్ కార్డు పడుతుంది?

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో నిరుడు ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నాను. ఏదో ఆఫీసులో వాడి తీసేసింది. ఐ5-8500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, లోపలికి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ మీద 260 వాట్లు అని రాసి ఉంది. క్యాబినెట్ నిలువుదే, సన్నది కాదు. వాలరెంట్ ఎలాగో ఆడుతున్నాను గానీ ఎల్డెన్ రింగ్ ఆడాలని చాలా కోరికగా ఉంది. నా దగ్గర 20 వేలు ఉన్నాయి. ఫ్రెండ్ ఒకడు పాత ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు 6 వేలకు ఇప్పిస్తానంటున్నాడు. కరెంటు వైరు లేకపోయినా కన్వర్టర్ పెట్టుకోవచ్చట. ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే ఎస్ఎంపీఎస్ మార్చకుండా ఏ కార్డూ పని చెయ్యదన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థి, గోపాలపట్నం

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కన్వర్టర్ సంగతి మర్చిపో. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

ఆర్‌ఎక్స్ 580 గట్టిగా పనిచేసేటప్పుడు 185 వాట్ల దాకా తీసుకుంటుంది. మదర్‌బోర్డు మీద కార్డు దిగే స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లే. మిగిలిన 110 వాట్లూ ఎస్ఎంపీఎస్ నుంచి 8 పిన్నుల వైరు ద్వారా రావాలి. నీ డబ్బాలో ఆ వైరు లేదు. మీ ఫ్రెండ్ చెప్పే కన్వర్టర్ దాన్ని హార్డ్ డిస్క్‌కు ఇచ్చే సాటా ప్లగ్గు నుంచి లాగుతుంది. ఆ ప్లగ్గులో 12 వోల్టులకు ఉన్నవి మూడు పిన్నులు. ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్. అంటే మొత్తం 54 వాట్లు. అంత సన్నని దారిలో 110 వాట్లు లాగితే ప్లగ్గు వేడెక్కి కరిగిపోతుంది.

ఇది లెక్క కట్టి మాత్రమే చెబుతున్న మాట కాదు. నాలుగేళ్ల క్రితం కంచరపాలెం నుంచి ఒక అబ్బాయి సరిగ్గా ఇలాంటి కంప్యూటరే నా బల్ల మీదికి తెచ్చాడు. మూత తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. సాటా ప్లగ్గు నల్లగా కరిగి హార్డ్ డిస్క్‌కు అతుక్కుపోయింది. కార్డు బతికింది, హార్డ్ డిస్క్ పోయింది. వాళ్లక్క పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకో కాపీ లేదు. ఆ అబ్బాయి నా ముందే ఇంటికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు. అప్పటి నుంచి ఆ కన్వర్టర్ గురించి ఎవరు అడిగినా వద్దనే చెబుతున్నాను.

షాపువాళ్ల మాట సగం నిజం. పెద్ద కార్డు కావాలంటే ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. అయితే కంపెనీ ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి మామూలు 24 పిన్నుల ప్లగ్గు ఉండదు, ఆ కంపెనీకే ప్రత్యేకమైన ప్లగ్గు ఉంటుంది. స్క్రూ రంధ్రాలు కూడా కలవకపోవచ్చు. బజార్లో దొరికే ఎస్ఎంపీఎస్ ఇంటికి తెచ్చాక పట్టకపోతే ఆ డబ్బు దండగ. అందుకని నీ డబ్బాలో ఉన్న 260 వాట్లతోనే సర్దుకునే కార్డు చూద్దాం. స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డులు ఉన్నాయి. నీ ప్రాసెసర్ 65 వాట్లది కాబట్టి రెండూ కలిపినా ఇబ్బంది లేదు.

అలాంటివాటిలో అందరికీ తెలిసినది 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650. 4 జీబీ, 75 వాట్లు. దానిలోనూ కొన్ని మోడళ్లకు 6 పిన్నుల ప్లగ్గు ఉంటుంది, బాక్సు మీద చూసుకోవాలి. కానీ నీకు నేను చెప్పేది అది కాదు. ఎల్డెన్ రింగ్‌కు కనీసం ఉండాలని చెప్పిన కార్డు జీటీఎక్స్ 1060, 3 జీబీ. 1650 దానికన్నా కొంచెం వెనకే ఉంటుంది. నువ్వు కొనేది ఆ ఆట కోసమే అయినప్పుడు మొదటి రోజే లోటుతో ఎందుకు మొదలుపెట్టాలి?

ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది తీసుకో. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లే, విడిగా వైరు అక్కర్లేని మోడళ్లు దొరుకుతాయి. ఇక్కడ ఒక్క విషయం చాలా జాగ్రత్తగా చూడాలి. ఇదే 3050 పేరుతో 8 జీబీ కార్డు కూడా ఉంది. అది 2022 నాటిది, 130 వాట్లు, 8 పిన్నుల వైరు కావాలి. బలం కూడా దానిదే ఎక్కువ. కానీ నీ డబ్బా దాన్ని మోయలేదు. షాపులో 3050 అని మాత్రం అడిగితే ఏది చేతిలో పెడతారో తెలియదు. ‘6 జీబీ, పవర్ ప్లగ్గు లేనిది’ అని అడుగు. కార్డు అంచున ప్లగ్గు లేదని కళ్లతో చూసుకున్నాకే డబ్బివ్వు.

తక్కువకు వస్తుందని ఎవరైనా ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూపిస్తే తీసుకోకు. దానికి వైరూ కావాలి, పైగా అది మదర్‌బోర్డుతో మాట్లాడేది నాలుగు లేన్ల (డేటా నడిచే దారుల) మీదే. మీ బోర్డులో స్లాట్ పాత పీసీఐఈ 3.0 రకం కాబట్టి ఆ నాలుగు లేన్ల వేగమూ సగమైపోతుంది.

ఇప్పుడు నువ్వు అడగని విషయం. ఎల్డెన్ రింగ్ అడిగే కనీస ర్యామ్ 12 జీబీ. నీకున్నది 8. ఎంత మంచి కార్డు పెట్టినా ఆట మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తుంది. ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్, 2666 వేగంది, తప్పకుండా వెయ్యి. ఒక స్టిక్ పక్కన రెండోది చేరితే ప్రాసెసర్‌కు ర్యామ్‌తో రెండు దారులు దొరుకుతాయి. వాలరెంట్‌లో కూడా దీనివల్ల కొంత మార్పు కనిపిస్తుంది. 20 వేలల్లో రెండూ ఒకేసారి రాకపోతే ముందు కార్డు కొని, వచ్చే నెల ట్యూషన్ డబ్బులతో ర్యామ్ కొను. ప్రాసెసర్ గురించి బెంగ వద్దు. ఆ ఆట కనీసం ఐ5-8400 అడుగుతుంది, నీది దానికన్నా ఒక మెట్టు పైదే. ఎలాగూ ఆ ఆట సెకనుకు 60 ఫ్రేములు దాటదు, మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ చాలు.

కార్డు పెట్టాక మానిటర్ వైరు కార్డుకే గుచ్చాలి, మదర్‌బోర్డుకు కాదు. కొత్త కార్డు పెట్టినా తేడా లేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. మీ మానిటర్‌కు నీలం రంగు వీజీఏ ప్లగ్గు ఒక్కటే ఉంటే ముందే చెప్పుకోవాలి, ఈ కార్డులకు వీజీఏ ఉండదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న అడాప్టర్ కొనుక్కో. ఈ కన్వర్టర్‌తో ప్రమాదమేమీ లేదు.

ప్రశ్న: నమస్తే అండి. లాసన్స్ బే కాలనీలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఫ్లాట్‌లో ఒకాయన వాడిన ఆర్‌ఎక్స్ 6600 అమ్ముతున్నారు. నాది అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్, 550 వాట్ల ఎస్ఎంపీఎస్. కొనొచ్చా?
— ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: కార్డు మంచిదే అమ్మా. 8 జీబీ, 132 వాట్లు, ఎస్ఎంపీఎస్‌లో 8 పిన్నుల వైరు ఉంటే మీకు సరిగ్గా సరిపోతుంది. నా భయమంతా ఆ ఫ్లాట్ గురించే. మన ఊళ్లో బీచ్ వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్ ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే ఉప్పుగాలిని కార్డు ఫ్యాన్లు రోజంతా లోపలికి పీల్చుకుంటాయి.

పగటి వెలుతురులో చూడండి. మానిటర్ వైరు గుచ్చే వైపు రేకు మీద స్క్రూలు తుప్పు పట్టాయా? ఫ్యాన్ల వెనక అల్యూమినియం రేకుల మీద తెల్లటి పొడి ఉందా? స్లాట్‌లో దిగే బంగారు రంగు అంచు మీద ఆకుపచ్చ మరకలున్నాయా? మామూలుగా మసకబారితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే పోతుంది. ఆకుపచ్చగా ఉంటే మాత్రం తీసుకోవద్దు, తుప్పు లోపలి రాగి దాకా వెళ్లినట్టే. అసలు బిల్లు అడిగి, దాని మీద సీరియల్ నంబరు ఉంటే కార్డు మీది స్టిక్కర్‌తో సరిచూడండి. ఈ మోడల్ వచ్చింది 2021 అక్టోబరులో, ఇథీరియం మైనింగ్ (కార్డులతో రోజంతా లెక్కలు చేయించి డిజిటల్ డబ్బు సంపాదించడం) ఆగిపోయింది 2022 సెప్టెంబరులో. ఆ మధ్య నాటి బిల్లు అయితే మైనింగ్‌లో వాడారేమో సూటిగా అడగండి. వాడినంత మాత్రాన పాడైనట్టు కాదు గానీ ఫ్యాన్లు అరిగి ఉంటాయి, చెవి పెట్టి వినండి.

చివరగా, వాళ్ల కంప్యూటర్‌లోనే మీ ముందు ఏదైనా బరువైన ఆట అరగంట ఆడించమనండి. తెర మీద రంగు చుక్కలు, గళ్లు రాకూడదు, మధ్యలో నల్లబడకూడదు. అరగంట కుదరదంటే డబ్బు ఇవ్వకుండా వచ్చేయండి.