ఆ రెండు డబ్బాలు ఇంట్లోనే ఉంచు, అల్లుడూ

అల్లుడూ,

మొన్న ఫోన్లో నువ్వు "మావయ్యా, పదకొండేళ్ళ తర్వాత ఆ .44 రివాల్వర్ మళ్ళీ బయటికి తీశాను, పాత మాగ్నమ్ తూటాలు రెండు డబ్బాలు అలాగే ఉన్నాయి, ఆదివారం వాటితోనే రేంజ్‌కి పోతున్నా" అన్నావు. పక్కన మీ అత్తయ్య ఉందని అప్పుడేమీ అనలేదు. ఇప్పుడంటున్నా, ఆ డబ్బాలు తీసుకెళ్ళకు.

నీకు యాభై మూడు. మణికట్టుకి ఆపరేషన్ అయింది. అయినా నా భయం మణికట్టు గురించి అంతగా లేదు, అది నొప్పెడితే నొప్పెట్టిందని నీకు తెలుస్తుంది. తుపాకి పేలకముందే చెయ్యి ఉలిక్కిపడే జడుపు పట్టుకుంటే మాత్రం నీకు తెలియదు, పక్కన నిలబడ్డవాడికి తెలుస్తుంది.

నాకు అలాగే తెలిసింది. మోకాలి గొడవతో ఆరేళ్ళు మానేసి మళ్ళీ మొదలెట్టినప్పుడు నేనూ నీలాగే మొదటిరోజే ఫుల్ లోడ్, అంటే పూర్తి మందు కుక్కిన మాగ్నమ్ తూటాలు, పట్టుకుపోయా. ఆరు కాలిస్తే ఆరూ కాగితం కింది అంచులో పడ్డాయి. గురి చూసే సైట్ తప్పిందనుకుని స్క్రూడ్రైవర్ కూడా తీశా. నాతో వచ్చిన స్నేహితుడు "అదిటివ్వు" అని తీసుకుని, నాకు వీపు తిప్పి, సిలిండర్లో మూడు మంచి తూటాలు, మూడు కాల్చేసిన ఖాళీ కేసులు, అంటే బుల్లెట్ పోయాక మిగిలే ఇత్తడి గొట్టాలు, కలగలిపి పెట్టి, ఓ తిప్పు తిప్పి మూసిచ్చాడు. మొదటిది పేలింది. రెండోసారి హామర్, తూటా వెనక కొట్టే సుత్తి, టక్కుమంది, అంతే, లోపల ఏమీ లేదు. కానీ బ్యారెల్ మాత్రం నాలుగు వేళ్ళు కిందికి వంగిపోయింది, ఎదురుగా ఎవరికో దండం పెడుతున్నట్టు. కళ్ళు కూడా మూసుకున్నానట. సైట్‌కి ఏమీ కాలేదు, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశా.

ఆ జడుపు వదలడానికి నాకు నాలుగైదు నెలలు పట్టింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

లెక్క చూడు. .44 మాగ్నమ్ ఫుల్ లోడ్ అంటే 240 గ్రెయిన్ల బుల్లెట్, మన గ్రాముల్లో పదిహేనున్నర, సెకనుకు దాదాపు 1350 అడుగుల వేగంతో పోతుంది. అదే బుల్లెట్‌ని 900 అడుగుల దగ్గర ఆపావనుకో, వేగం మూడో వంతే తగ్గింది కదా అనిపిస్తుంది, కానీ తుపాకి చేతిని తన్నే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది సగానికన్నా కిందికి పడిపోతుంది. పైగా కాలే మందు బరువు కూడా తగ్గుతుంది, అదీ తన్నుడులో భాగమే. చేతికి తేడా ఎలా ఉంటుందంటే, మొదటిది దెబ్బ, రెండోది తోపు. కాగితం మీద చిల్లు మాత్రం అదే సైజు.

తక్కువ లోడ్ వాడటం ముసలితనం అనుకునే కుర్రాళ్ళుంటారు, నువ్వూ ఒకప్పుడు అలాగే అనేవాడివి. అసలు ఈ పెద్ద బోర్ రివాల్వర్ల పుట్టుకే నెమ్మదితూటాలతో. .45 కోల్ట్ 1873 నాటిది, 255 గ్రెయిన్ల సీసం ముక్క సెకనుకు ఎనిమిదొందల యాభై అడుగుల చుట్టుపక్కల. .44 స్పెషల్ 1907లో వచ్చింది, 246 గ్రెయిన్ల బుల్లెట్, వేగం ఏడొందల యాభై పైచిలుకు, అంతే. ఆ స్పెషల్ కేసుల్లోనే ఎల్మర్ కీత్ అనే అమెరికన్ తుపాకుల రచయిత లాంటివాళ్ళు ఏళ్ళతరబడి మందు కుక్కి కుక్కి, కంపెనీల వెంటపడితే 1956లో మాగ్నమ్ మార్కెట్లోకొచ్చింది. అంటే 900 అడుగుల తూటా ఏదో నీరసించిన మాగ్నమ్ కాదు, బలిసిన స్పెషల్.

నీకు కలిసొచ్చే సంగతేంటంటే, నీ మాగ్నమ్ రివాల్వర్లో .44 స్పెషల్ తూటాలు హాయిగా పడతాయి. బుల్లెట్ మందం ఒకటే, కేసు ఒక్కటే ఎనిమిదో వంతు అంగుళం పొట్టి. .357 మాగ్నమ్‌లో .38 స్పెషల్ కాల్చడం, .454 కసుల్‌లో .45 కోల్ట్ కాల్చడం కూడా ఇదే లెక్క. తిరగేసి మాత్రం ఎప్పుడూ ప్రయత్నించకు, పొట్టి తూటా తుపాకిలో పొడుగు తూటా పట్టకుండా ఉండాలనే ఆ ఎనిమిదో వంతు పెంచారు. కాబట్టి ముందు ఫ్యాక్టరీ స్పెషల్ ఒక్క డబ్బా కొను, సీసం బుల్లెట్లది. ఇంకేం ఆలోచించకు.

దీంట్లో ఒక చిక్కుంది. పొట్టి కేసు ఆగిపోయిన చోట, చాంబర్ (సిలిండర్లో తూటా కూర్చునే గది) లోపల గుండ్రంగా మసీ సీసం కలిసి ఓ వలయంలా పేరుకుంటుంది. యాభై కాల్చేసరికి కంటికి కనపడదు, నాలుగైదొందలు అయ్యాక పొడుగు మాగ్నమ్ తూటా పెట్టి చూడు, గోరు మందం బయటికి ఉండి లోపలికి దిగనంటుంది. బొటనవేలితో నొక్కి లోపలికి తోసేవాళ్ళని చూశాను, అది మహా తప్పు, కేసు మూతి బుల్లెట్‌ని వదలడానికి చోటుండదు, ప్రెషర్ పెరిగిపోతుంది. స్పెషల్ కాల్చిన రోజు రాత్రే ఆరు చాంబర్లూ బ్రష్‌తో తోమేసెయ్. ఐదు నిమిషాల పని.

ఇక సొంతంగా తూటాలు నింపుకోవడం గురించి అడిగావు. మన భాషలో డాక్టర్ ఇచ్చేదీ మందే, సీసాలోదీ మందే, తుపాకిలోదీ మందే, మూడింటికీ కొలత ముఖ్యం. నేను కొలత చెప్పను, ఎవరు నోటితో చెప్పినా వినకు, మందు తయారుచేసిన కంపెనీ అచ్చేసిన పుస్తకంలో ఉన్న అంకె ఒక్కటే నమ్ము. నేను చెప్పేది రెండు జాగ్రత్తలే. ఒకటి, మాగ్నమ్‌లకి వాడే నెమ్మదిగా కాలే మందుల్లో హెచ్-110 లాంటివి తగ్గించి వాడేవి కావు, తగ్గిస్తే సరిగ్గా అంటుకోక బుల్లెట్ బ్యారెల్ మధ్యలో నిలబడిపోవచ్చు. తక్కువ లోడ్ కావాలంటే దానికి తగిన, వేగంగా కాలే మందే వేరే ఉంటుంది. రెండు, ఆ వేగంగా కాలే మందు పెద్ద మాగ్నమ్ కేసు అడుగున ఎక్కడో ఉంటుంది, పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటికి రాదు, పైకి తెలియదు. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు ప్రతి కేసులోకీ టార్చ్ వేసి చూడటం నాకు అలవాటు, ఫోన్ మోగినా ఎత్తను. స్పెషల్ కేసు అయితే ఖాళీ తక్కువ కాబట్టి ఈ భయం కొంత తగ్గుతుంది, వేగం కూడా తూటాకీ తూటాకీ పెద్దగా మారదు. రాగి తొడుగున్న బుల్లెట్లు మరీ తక్కువ వేగానికి వద్దు, సీసం కంటే బ్యారెల్లో ఎక్కువ రాపిడి, ఇరుక్కుంటాయి.

కాల్చేటప్పుడు "ఢాం" రావాల్సిన చోట "తుస్" అని వినపడితే ట్రిగ్గర్ మళ్ళీ ముట్టుకోకు. ఎంత అలవాటైన చెయ్యైనా రెండోది నొక్కేస్తుంది, అదే ప్రమాదం, ముందుది బ్యారెల్లో ఇరుక్కుని ఉంటే రెండోది వెళ్ళి దానికి గుద్దుకుంటుంది. అసలు శబ్దమే రాకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం అలాగే నిలబడు, అప్పుడు సిలిండర్ తెరువు. రెండింట్లో ఏదైనా సరే, తూటాలన్నీ తీసేసి బ్యారెల్లో వెలుతురు కనపడితేనే తర్వాతి మాట.

గ్రిప్ సంగతి. నీ రివాల్వర్‌కున్నది నున్నటి సన్న చెక్క, అందంగా ఉంటుంది, ఫోటోకి బావుంటుంది. కాలిస్తే మాత్రం ట్రిగ్గర్ గార్డ్ వెనక అంచు వచ్చి నడిమివేలి కణుపుకి తగులుతుంది, నీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్లాస్టర్ చుట్టుకుని తిరిగేవాడివి. వెనక పట్టీ మొత్తం కప్పే రబ్బరు గ్రిప్ వేయించు. పట్టుకున్నప్పుడు బ్యారెల్, మోచెయ్యి ఒకే గీతలో ఉండాలి. ట్రిగ్గర్ అందడం లేదని చెయ్యి పక్కకి తిప్పి పట్టుకుంటే తన్నుడంతా బొటనవేలి మొదట్లో ఎముక మీదకి పోతుంది, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి మళ్ళీ పోవాల్సొస్తుంది. రెండో చేతి బొటనవేలు ముందుకి చాచకు, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వచ్చే వేడి గ్యాస్ చర్మం కోసేస్తుంది, ఆటోమేటిక్ పిస్టల్ అలవాటున్నవాళ్ళంతా ఇక్కడే దొరికిపోతారు. తేలిక లోహం రివాల్వర్ కొంటానంటావేమో, జేబుకి బరువు తగ్గుతుంది, చేతికి పెరుగుతుంది. కిలోకి పైన బరువున్న నీ పాతదే మంచిది.

చెవులకి లోపల దూదిలాంటి ప్లగ్గులూ, పైన మఫ్‌లూ, రెండూ పెట్టు. జడుపులో సగం తన్నుడు వల్ల కాదు, శబ్దం వల్లే వస్తుందని నా అనుభవం. పైకప్పున్న రేంజ్ అయితే ఇంకా కష్టం. కళ్ళద్దాలు కూడా చూసుకో. యాభై దాటాక టార్గెట్ స్పష్టంగా కనపడి ముందు సైట్ మసకబారుతుంది, మనకి కావాల్సింది ముందు సైటే. చెయ్యి చాపి, ముందు సైట్ ఎంత దూరంలో ఉందో టేపుతో కొలిపించి, ఆ దూరం చెప్పి అద్దాలు చేయించుకో. నేను ఈ పని చెయ్యడానికి మూడేళ్ళు ఆలస్యం చేశా.

ఆదివారం లోపు ఇంట్లో రోజూ పది నిమిషాలు, తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, సిలిండర్ రెండుసార్లు చూసి, స్నాప్ క్యాప్‌లు (మందులేని ఉత్తుత్తి తూటాలు) పెట్టుకుని, గట్టి గోడ వైపు ఖాళీగా ట్రిగ్గర్ లాగు. ముందు సైట్ మీద చిన్న నాణెం నిలబెట్టి పడకుండా లాగగలిగితే చాలు. మొదట్లో నాది ప్రతిసారీ పడేది.

ఆదివారం ఏడు మీటర్ల దూరం, ముప్పై తూటాలు, అన్నీ స్పెషల్. ఆరు కాల్చాక తుపాకి కింద పెట్టి, చేతులు విదిలించి, మళ్ళీ ఆరు. తూటాలు పైకి పడితే కంగారుపడకు, నెమ్మదితూటా బ్యారెల్లోంచి బయటపడేలోపు మూతి కొంచెం ఎక్కువ లేస్తుంది, వెనక సైట్ రెండు మెట్లు దించితే సరిపోతుంది. బాగా పడుతున్నాయని ఊపొచ్చి ఇంకో డబ్బా తెరవకు, బాగున్నప్పుడే ఆపు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా నోట్లో పెట్టుకో, సీసం మసి అది.

పాత మాగ్నమ్ డబ్బాలు ఏం చెయ్యాలంటావా, నావి ఒకటిన్నర డబ్బా తొమ్మిదేళ్ళుగా అలాగే ఉన్నాయి. ఏడాదికోసారి, అదీ చలాకీగా అనిపించిన రోజు చివర్లో, ఒక్క ఆరు కాలుస్తా. నిరుడు అదీ మర్చిపోయా.

ముప్పై అయ్యాక నీ పక్కనున్నవాణ్ణి అడిగి ఖాళీ కేసులు కలిపి సిలిండర్ నింపించుకో, నేను చెప్పినట్టు. ఆ ఆరూ వీడియో తీయించి పంపు. కాగితం నాకక్కర్లేదు, హామర్ ఖాళీ కేసు మీద పడ్డప్పుడు బ్యారెల్ ఎటు పోయిందో చూడాలి.

మీ మావయ్య